బీవైడీ కార్ల చరిత్రను బ్యాటరీ వైపు నుంచి చదవాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. నాన్నగారికి కారు కొందామని చైనా కంపెనీ బీవైడీ వాళ్ల ఎలక్ట్రిక్ కార్లు అట్టో 3, ఇమ్యాక్స్ 7 చూసొచ్చారు. ఇంటికొచ్చాక బాబాయిగారు "అది టయోటా కొరొల్లాను కాపీ కొట్టిన కంపెనీ, నిన్నగాక మొన్న పుట్టింది, రేపు బండి తగలబడితే అడిగే దిక్కుండదు" అన్నారు. అసలు ఈ కంపెనీ ఎక్కణ్నుంచి వచ్చింది, ఏ మోడల్ తర్వాత ఏది వచ్చింది, బాబాయిగారి మాటలో నిజమెంత అని అడిగారు.

ఆయన చెప్పిన మూడింట్లో మొదటిది నిజం. రెండోది సగం నిజం. మూడోదానికి జవాబు చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి, అందుకే ఈ సమాధానం పొడుగ్గా ఉంటుంది. నేను 1998 నుంచి బ్యాటరీ ప్యాకుల తయారీలో ఉన్నాను. మొదట కార్డ్‌లెస్ ఫోన్లవి, తర్వాత మొబైళ్లవి, ఇప్పుడు ఆటోలవి, స్కూటర్లవి. కాబట్టి నా చూపంతా బ్యాటరీ వైపు నుంచే ఉంటుంది. ఈ కంపెనీ విషయంలో అదే సరైన చూపని గట్టిగా నమ్ముతాను. కారు ముట్టుకోవడానికి 8 ఏళ్ల ముందు నుంచే వాళ్లు సెల్‌లు, అంటే బ్యాటరీ ప్యాకులో ఉండే విడి బ్యాటరీలు, చేస్తున్నారు. ఏ మోడల్ ఎందుకు గెలిచిందో, ఏది ఎందుకు బోల్తా కొట్టిందో లోపలి సెల్ చూస్తే తెలిసిపోతుంది. పైరేకు చూస్తే తెలియదు.

బీవైడీ స్థాపకుడు వాంగ్ చువాన్‌ఫు 1966లో ఆన్‌హుయ్ ప్రావిన్స్‌లో రైతు కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోతే అన్న చదివించాడు. చాంగ్‌షాలో లోహాల రసాయన శాస్త్రం చదివి, బీజింగ్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థలో బ్యాటరీల మీద పనిచేశాడు. ఆ సంస్థే షెన్‌జెన్‌లో పెట్టిన బ్యాటరీ కంపెనీకి మేనేజరుగా వెళ్లాడు. 1995 ఫిబ్రవరిలో ఆ ఉద్యోగం వదిలేసి, వరసకు సోదరుడయ్యే ల్యూ షియాంగ్‌యాంగ్ దగ్గర 25 లక్షల యువాన్లు అప్పు తీసుకుని, ఇరవై మందితో బీవైడీ మొదలుపెట్టాడు. "బిల్డ్ యువర్ డ్రీమ్స్" అనే విస్తరణ తర్వాత అతికించినది. చైనీస్ పేరు బియాదీ, దాని మొదటి అక్షరాలే బీవైడీ.

అప్పుడు రీఛార్జబుల్ బ్యాటరీలంటే జపాన్ రాజ్యమే. సాన్యో, సోనీ, పానాసోనిక్. నికెల్-కాడ్మియం రకం బ్యాటరీ విషపూరితమని జపాన్ మెల్లగా దాని నుంచి బయటికి వస్తున్న సమయం. ఆ ఖాళీ వాంగ్‌కు కనబడింది. కానీ జపాన్ ఆటోమేటిక్ లైను ఒక్కటి కొనాలన్నా చేతిలో ఉన్న డబ్బుకు ఎన్నో రెట్లు కావాలి. అతను ఆ లైనును ముక్కలు చేశాడు. యంత్రం ఒక్కటే చేసే పనిని పదుల చిన్న చిన్న పనులుగా విడగొట్టి, ఒక్కో పనికి ఒక మనిషిని, ఒక చిన్న బిగింపు పరికరాన్ని పెట్టాడు. లిథియం సెల్‌లోకి గాలిలో తేమ పోకూడదు, అందుకని జపాన్‌వాళ్లు హాలు మొత్తాన్ని పొడిగా ఉంచేవాళ్లు. వీళ్లు పని జరిగే చోటును మాత్రం పెట్టెలా మూసి, రబ్బరు తొడుగుల్లోంచి చేతులు పెట్టి పనిచేయించారు. ఖరీదైన నికెల్ రేకు స్థానంలో నికెల్ పూత పూసిన ఉక్కు రేకు వాడారు. ఆ రేకు తుప్పు పట్టకుండా బ్యాటరీలోని ద్రావణాన్ని తగినట్టు మార్చుకున్నారు.

ఇది చదివి "చవక కూలీల మీద బతికారు" అని తేల్చేయడం తేలిక. నేను 2004లో సెల్‌లు కొనడానికి షెన్‌జెన్ వెళ్లినప్పుడు వేరే ఫ్యాక్టరీలో అలాంటి లైనే చూశాను. వరుసగా కూర్చున్న అమ్మాయిలు, ఒక్కొక్కరి ముందు ఒక చిన్న అచ్చు, ఒక తూకం, ఒక దీపం. అచ్చులో సరిగ్గా కూర్చోని ముక్క పక్క మనిషి చేతికి వెళ్లనే వెళ్లదు. అంటే నాణ్యత ఆ మనిషి చేతిలో కంటే ఆ అచ్చును గీసినవాడి బుర్రలో ఉంది. ఆ పూట నేను నేర్చుకున్నది తర్వాత ఇరవై ఏళ్లు నాకు అన్నం పెట్టింది. యంత్రాన్ని కొనుక్కోకుండా పనిని అర్థం చేసుకుని తన యంత్రాన్ని తానే చేసుకోవడం వీళ్ల అసలు విద్య. 2020లో కరోనా వచ్చినప్పుడు మాస్కుల లైనును కూడా సొంతంగా కట్టి, మార్చి కల్లా రోజుకు 50 లక్షల మాస్కులు చేశారు. అదీ ఈ విద్యే.

2000లో మోటరోలా, 2002లో నోకియా వీళ్ల దగ్గర కొనడం మొదలుపెట్టాయి. 2002లో కంపెనీ హాంకాంగ్ మార్కెట్‌లో లిస్టయింది. అదే ఏడు సాన్యో అమెరికాలో, మరుసటి ఏడు సోనీ జపాన్‌లో పేటెంటు దావాలు వేశాయి. సాన్యోతో రాజీ అయింది. సోనీ పేటెంటు చెల్లదని జపాన్‌లోనే తేలింది. పేటెంట్ల విషయంలో వీళ్లు ఎంత జాగ్రత్తపరులో అక్కడ తెలిసింది. తర్వాత కార్లు కాపీ కొట్టినప్పుడు కోర్టుల్లో ఎందుకు కూలిపోలేదో అర్థం కావడానికి ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

2003 జనవరిలో షియాన్ నగరంలోని చిన్‌చువాన్ ఆటోమొబైల్‌లో 77 శాతం వాటా కొన్నారు, సుమారు 27 కోట్ల యువాన్లకు. ఆయుధ పరిశ్రమ నుంచి వచ్చిన ఫ్యాక్టరీ అది. సుజుకి ఆల్టో ఆధారంగా చిన్న కారు చేసేది. ఆ వార్త వినగానే పెట్టుబడిదార్లు బెదిరిపోయారు, షేరు ధర బాగా పడింది. బ్యాటరీలు చేసుకునేవాడికి కార్లెందుకు అన్నారు. ఆ ఫ్యాక్టరీతో పాటు వచ్చిన ఫ్లైయర్ అనే 800 సీసీ బుల్లి కారే బీవైడీ బ్యాడ్జితో అమ్ముడైన మొదటి బండి. సొంతంగా గీసిన మొదటి కారు 316. డీలర్లకు చూపిస్తే మొహాలు చిట్లించారు. ఆ డిజైన్ మొత్తాన్ని పక్కన పడేశారు.

ఆ దెబ్బ తర్వాత వచ్చిందే ఎఫ్3, 2005లో. బాబాయిగారు చెప్పే కారు ఇదే. దాచేదేమీ లేదు: పక్కనుంచి చూస్తే అప్పటి కొరొల్లాయే. ఇంజను మిత్సుబిషి డిజైన్‌ది. కంపెనీ గుర్తు కూడా నీలం-తెలుపు గుండ్రంతో బీఎండబ్ల్యూను తలపించేది, 2007లో మార్చారు. కొనుక్కున్నాక టయోటా గుర్తు అతికించుకునేవాళ్లూ ఉండేవారు. 2008లో వచ్చిన ఎఫ్0 టయోటా ఐగోకు కవల. ఎస్8 అనే ఓపెన్ టాప్ కారు ముందు నుంచి మెర్సిడెస్‌లా ఉండేది, సుమారు వంద మాత్రమే అమ్ముడయ్యాయి. ఇదంతా నాకు ఇప్పటికీ నచ్చదు. ఇంకొకరి గీతను తన గీతగా అమ్ముకోవడం ఏ దేశంలోనైనా తప్పే.

కానీ ఎఫ్3 లోపల జరిగిన పని వేరు. టైర్లు, అద్దాలు లాంటివి తప్ప దాదాపు అన్నీ సొంతంగా చేయడం అక్కడ నేర్చుకున్నారు. అచ్చుల ఫ్యాక్టరీ కొన్నారు. సీట్లు, దీపాలు, వైరింగు, షాక్ అబ్జార్బర్లు అన్నీ ఇంటి సరుకే. 2008లో నింగ్‌బోలో దివాలా తీసిన చిప్‌ల ఫ్యాక్టరీని కొని, మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే పవర్ సెమీకండక్టర్లూ చేయడం మొదలుపెట్టారు. అప్పుడు నవ్వినవాళ్లు 2021లో ప్రపంచమంతా చిప్‌లు దొరక్క కార్ల లైన్లు ఆగినప్పుడు నవ్వలేదు. ఇక ఎఫ్3 సంగతి: 2009లో చైనాలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన సెడాన్ అదే.

2008 డిసెంబరు ఈ కథలో నాకు చాలా ఇష్టమైన చోటు. అదే ఎఫ్3 ఒంట్లో 1 లీటరు మూడు సిలిండర్ల ఇంజను, 16 కిలోవాట్ అవర్ల బ్యాటరీ పెట్టి ఎఫ్3డీఎం అని అమ్మకానికి తెచ్చారు. ఇంట్లో ప్లగ్గుకు పెట్టి ఛార్జ్ చేసుకోగలిగి, పెట్రోలుతోనూ నడిచే కారును పెద్దఎత్తున తయారుచేసి అమ్మడం ప్రపంచంలో అదే మొదటిసారి. అమెరికాలో ఇలాంటి కారే అయిన షెవర్లే వోల్ట్ రావడానికి ఇంకా రెండేళ్లుంది. వ్యాపారంగా చూస్తే ఘోరమైన వైఫల్యం. ధర 1,49,800 యువాన్లు, మామూలు ఎఫ్3కు రెట్టింపు. 2009 మొత్తం మీద 48 అమ్మారు. కానీ అందులో పెట్టిన సెల్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్, మేం ఎల్‌ఎఫ్‌పీ అంటాం. ఆ రసాయనాన్ని వీళ్లు ఆనాడు పట్టుకుని, మధ్యలో చేయి జారినా మళ్లీ పట్టుకున్నారు.

2008లోనే వారెన్ బఫెట్ కంపెనీ బీవైడీలో 22.5 కోట్ల షేర్లు, ఒక్కొక్కటి 8 హాంకాంగ్ డాలర్లకు, మొత్తం 23 కోట్ల అమెరికన్ డాలర్లతో కొంది. ఈ కంపెనీ మీద మొదట మనసు పడ్డది ఆయన భాగస్వామి చార్లీ మంగర్. 2022 ఆగస్టు నుంచి అమ్ముకుంటూ వచ్చి ఇప్పుడు పూర్తిగా బయటికి వచ్చేశారు, అదీ ఎన్నో రెట్ల లాభంతో.

తర్వాతి ఇ6 పూర్తిగా కరెంటు బండి. 2010లో షెన్‌జెన్‌లో ట్యాక్సీలుగా దించారు. 60 కిలోవాట్ అవర్ల ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్, 300 కిలోమీటర్ల రేంజ్. అప్పట్లో మాలాంటివాళ్లకు అది నమ్మశక్యం కాని సంగతి. ట్యాక్సీని ఎంచుకోవడంలో తెలివి ఉంది: రోజుకు రెండు షిఫ్టులు తిరిగే బండి రెండేళ్లలో ఇచ్చే సమాచారం సొంత కారు పదేళ్లలో ఇస్తుంది.

"తగలబడితే" అనే మాట మొదలైందీ ఈ ఇ6 దగ్గరే. 2012 మే 26 తెల్లవారుజామున షెన్‌జెన్‌లో, తాగి అతివేగంగా నడిపినవాడి నిస్సాన్ స్పోర్ట్స్ కారు ఒక ఇ6 ట్యాక్సీని గుద్దింది. ట్యాక్సీ తగలబడి అందులోని ముగ్గురూ చనిపోయారు. దర్యాప్తు నిపుణులు తేల్చింది ఏమిటంటే, సెల్‌లు పేలలేదు, గుద్దుడుకు హై వోల్టేజీ తీగలు తెగి మెరిసిన నిప్పు మంటగా మారింది. ఆ ముగ్గురికీ ఈ తేడా ఏ రకంగానూ ఊరట కాదు. కానీ ఇంజనీర్లకు అది పెద్ద పాఠం: సెల్ ఎంత మంచిదైనా, తీగలు ఎటు పోతున్నాయి, గుద్దగానే కరెంటు ఎంత వేగంగా తెగుతోంది అన్నవి ప్రాణాల మీదికి తెస్తాయి.

2010 నుంచి 2013 దాకా గడ్డుకాలం. ఏటా రెట్టింపు అమ్మేస్తామని లక్ష్యాలు పెట్టి డీలర్ల మీదికి సరుకు తోశారు. 2010 లక్ష్యం 8 లక్షల కార్లు, అమ్మింది 5.2 లక్షలు. డీలర్లు గుంపులుగా వదిలేసి పోయారు. 2012లో నికర లాభం 94 శాతం పడిపోయి 8 కోట్ల యువాన్లకు దిగింది. నాణ్యత కంటే అంకెలు ముందు పరుగెత్తితే ఏమవుతుందో అప్పుడు వాళ్లకు తెలిసొచ్చింది.

అక్కణ్నుంచి మోడళ్ల పేర్లు మారాయి. ఎఫ్, ఎస్ అక్షరాలు పోయి చైనా రాజవంశాల పేర్లు వచ్చాయి: 2013 చివర్లో చిన్, 2015లో టాంగ్, సోంగ్, 2016లో యువాన్, 2020లో హాన్. వెనక డిక్కీ మీద చైనీస్ లిపిలో ఆ అక్షరాన్నే ముద్రించారు. ఈ పేర్లు మనకు అంత పరాయివేమీ కావు. స్కూల్లో చదువుకున్న హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకానికి వచ్చింది టాంగ్‌ల కాలంలోనే. మోటుపల్లి రేవు గురించి, అక్కడి రాణి గురించి రాసిన మార్కోపోలో యువాన్ చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ కొలువులో పనిచేసినవాడు. మీరు షోరూములో చూసిన అట్టో 3కి చైనాలో పేరు యువాన్ ప్లస్. నాన్నగారికి ఈ ముక్క చెప్పండి, నచ్చుతుంది.

చిన్, టాంగ్ రెండూ ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లే, అంటే ఎఫ్3డీఎం లాగా ప్లగ్గుకు పెట్టి ఛార్జ్ చేసుకోగలిగి, పెట్రోలుతోనూ నడిచేవి. 2015 టాంగ్‌లో 2 లీటర్ల టర్బో ఇంజను, ముందు ఒకటి వెనక ఒకటి మోటార్లు, నాలుగు చక్రాలకూ శక్తి, సున్నా నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం 5 సెకన్ల లోపే. జోరు బ్రహ్మాండంగా ఉండేది కానీ బ్యాటరీ అయిపోయాక పెట్రోలు బాగా తాగేవి. చూపులు మాత్రం 2016 దాకా అంతంతే. ఆ ఏడు ఆడి, ఆల్ఫా రోమియోల్లో పనిచేసిన జర్మన్ డిజైనర్ వోల్ఫ్‌గాంగ్ ఎగ్గర్‌ను తెచ్చుకున్నాక బీవైడీకి సొంత మొహం వచ్చింది. కాపీ కాలం అక్కడితో ముగిసిందని చెప్పొచ్చు.

ఇప్పుడు అసలు మలుపు. 2016 తర్వాత చైనా ప్రభుత్వం సబ్సిడీని బ్యాటరీ సాంద్రతకు ముడిపెట్టింది, అంటే కిలో బరువులో ఎంత కరెంటు పడుతుందన్న లెక్కకు. అందులో నికెల్-మాంగనీస్-కోబాల్ట్ సెల్‌లది పైచేయి, ఎల్‌ఎఫ్‌పీ వెనకబడింది. చివరికి బీవైడీ కూడా చాలా కార్లలో నికెల్ సెల్‌లు పెట్టాల్సి వచ్చింది. 2019 జూన్‌లో సబ్సిడీ బాగా కోసేశారు. ఆ ఏడు లాభం 42 శాతం పడింది. ఆ సంవత్సరం బతికి బయటపడటం ఒక్కటే లక్ష్యంగా ఉండేదని వాంగ్ తర్వాత చెప్పుకొచ్చాడు. మరో దారి లేక, తమకు బాగా తెలిసిన ఎల్‌ఎఫ్‌పీ దగ్గరికే తిరిగొచ్చారు.

ఈ రసాయనం గురించి కాస్త చెప్పనివ్వండి, మీ ప్రశ్నకు గుండెకాయ ఇదే. ఎల్‌ఎఫ్‌పీని 1997లో లోకానికి చూపించిన పరిశోధన పత్రంలో మొదటి పేరు అక్షయ పాఢి, రెండోది నంజుండస్వామి, మూడోది ఆ ప్రయోగశాల పెద్ద జాన్ గుడెనఫ్. మొదటి ఇద్దరూ మనవాళ్లే. అందులో ఆక్సిజన్ ఫాస్ఫరస్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది. సెల్ వేడెక్కినా ఆ ఆక్సిజన్ అంత సులువుగా ఊడిరాదు, ఆక్సిజన్ దొరక్కపోతే మంట పెరగదు. నికెల్ సెల్‌లలో ఆ పట్టు బలహీనం. కోబాల్టూ నికెలూ లేవు కాబట్టి చవక, ఎక్కువసార్లు ఛార్జ్ చేసినా మన్నుతుంది. లోపం ఏమిటంటే బరువెక్కువ, చోటెక్కువ, చలిలో ఛార్జింగు మందగిస్తుంది.

చోటు సమస్యను బ్లేడ్ బ్యాటరీతో తీర్చారు, 2020 మార్చి 29న. అంతకుముందు పద్ధతిలో సెల్‌లను డబ్బాల్లో పెట్టి, ఆ డబ్బాలను పెద్ద ప్యాకులో పెట్టేవాళ్లు. మన కొరియర్ పార్సిళ్లలో సరుకు కంటే అట్టపెట్టెలే ఎక్కువ చోటు తిన్నట్టు, ప్యాకులో సగానికి పైగా సెల్ కానిదే ఉండేది. వీళ్లు సెల్‌నే 96 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల ఎత్తు, 13.5 మిల్లీమీటర్ల మందంతో కత్తిలా సాగదీశారు. వాటిని దూలాల్లా పక్కపక్కన పేర్చి, పైనా కిందా పలకలతో అతికించేశారు. మధ్య డబ్బాలు పోయాయి, సెల్‌లే ప్యాకుకు బలమయ్యాయి. అదే చోటులో సగం ఎక్కువ సెల్‌లు పట్టాయి. మేకు దిగగొట్టే పరీక్షలో కంపెనీ చూపిన ఫలితం ఇది: నికెల్ సెల్ 500 డిగ్రీలు దాటి భగ్గుమంది, బ్లేడ్ సెల్ పైభాగం 30 నుంచి 60 డిగ్రీల మధ్యే ఉంది, పొగ కూడా రాలేదు. సన్నగా వెడల్పుగా ఉన్న సెల్‌లో వేడి త్వరగా పక్కకు పారిపోతుంది, అదీ కారణం. ఆ జూలైలో వచ్చిన హాన్ సెడాన్ ఈ బ్యాటరీతో మొదటి కారు. బీవైడీ పేరుకు గౌరవం తెచ్చిన కారు కూడా అదే.

రెండో ఆయుధం 2021 జనవరిలో వచ్చిన డీఎం-ఐ అనే కొత్త ప్లగ్-ఇన్ హైబ్రిడ్ పద్ధతి. పాత టాంగ్‌లో ఇంజను, మోటారు రెండూ జోరు కోసం పోటీపడేవి. ఇందులో పని పంచారు. ఊళ్లో చక్రాలు తిప్పేది మోటారే, ఇంజను అవసరమైతే జనరేటరులా కరెంటు చేసిపెడుతుంది. హైవే మీద నిలకడ వేగంలో మాత్రం ఇంజను నేరుగా చక్రాలకు తగులుకుంటుంది. ఎప్పుడూ హాయిగా ఉండే వేగంలోనే తిరుగుతుంది కాబట్టి దాని సామర్థ్యం 43 శాతం దాకా చేరింది. చిన్ ప్లస్, సోంగ్ ప్లస్ పెట్రోలు కార్ల ధరకే వచ్చాయి. 2024 మేలో ఐదో తరం డీఎంతో చిన్ ఎల్ దించి, నిండు ట్యాంకు, నిండు ఛార్జితో 2,100 కిలోమీటర్లు అన్నారు. ఈ కార్లు మన దేశంలో లేవు, నాకు బాధగా ఉండే విషయం అది.

ఆ తర్వాత అంకెలే మాట్లాడతాయి. 2020లో మొత్తం 4.3 లక్షల కార్లు. 2022 మార్చిలో ఒట్టి పెట్రోలు కార్ల తయారీ ఆపేశారు, ఆ ఏడు 18.6 లక్షలు. 2023లో 30.2 లక్షలు, 2024లో 42.7 లక్షలు, 2025లో 46 లక్షలు. 2025లో పూర్తి ఎలక్ట్రిక్ కార్లే 22 లక్షలు దాటి, 16.4 లక్షలు అమ్మిన టెస్లాను వెనక్కి నెట్టాయి. రాజవంశాల పక్కన సముద్ర జీవుల వరుస కూడా మొదలైంది: డాల్ఫిన్ 2021లో, సీల్ 2022లో, 73,800 యువాన్లకే సీగల్ 2023లో. పై అంతస్తులో యాంగ్‌వాంగ్, డెంజా, ఫాంగ్‌చెంగ్‌బావో బ్రాండ్లున్నాయి. వాటి గురించి ఇక్కడ అంత అవసరం లేదు.

ఇక ఈ చరిత్రలో బాబాయిగారికి తప్పకుండా చెప్పాల్సిన ముక్క: 2022లో చైనా మార్కెట్ కోసం టయోటా ప్రకటించిన బీజెడ్3 అనే ఎలక్ట్రిక్ సెడాన్‌లో బ్లేడ్ బ్యాటరీ, మోటారు రెండూ బీవైడీవే. కొరొల్లాను చూసి గీసినవాళ్ల దగ్గరికి పదిహేడేళ్ల తర్వాత కొరొల్లా కంపెనీయే వచ్చింది.

మచ్చలూ చెప్పాలి. 2024 డిసెంబరులో బ్రెజిల్‌లోని కమసారిలో వీళ్ల ఫ్యాక్టరీ కడుతున్న కాంట్రాక్టరు దగ్గర 163 మంది చైనా కూలీలను బానిసత్వం లాంటి పరిస్థితుల్లో ఉంచారని అక్కడి కార్మిక అధికారులు బయటపెట్టి విడిపించారు. 2025 మేలో 22 మోడళ్ల ధరలు ఒకేసారి, కొన్నిటికి 34 శాతం దాకా, కోసి చైనాలో ధరల యుద్ధాన్ని ఇంకా రగిల్చారు. నిన్న కొన్నవాడి కడుపు మండుతుంది, విడిభాగాలిచ్చే చిన్న ఫ్యాక్టరీల మెడ మీద ఒత్తిడి పడుతుంది. నేను చిన్న ఫ్యాక్టరీ వైపు మనిషిని, ఆ బాధ నాకు తెలుసు.

మన దగ్గరికి వద్దాం. బీవైడీ 2007లోనే చెన్నై దగ్గర అడుగుపెట్టింది, మొబైల్ భాగాల కోసం. మన తెలుగువాళ్లలో చాలామంది తెలియకుండానే వీళ్ల సాంకేతికత మీద ప్రయాణం చేసేశారు: హైదరాబాద్ కంపెనీ ఓలెక్ట్రా, అంటే పాత గోల్డ్‌స్టోన్, ఇప్పుడు మేఘా సంస్థ చేతిలో ఉన్నది, బీవైడీ సాంకేతికతతోనే ఎలక్ట్రిక్ బస్సులు చేస్తూ వచ్చింది. 2019లో శంషాబాద్ విమానాశ్రయానికి దించిన 40 ఎలక్ట్రిక్ బస్సులు, 2022 సెప్టెంబరు నుంచి తిరుమల కొండెక్కుతున్న ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు ఆ కుదురులోవే. ఘాట్ దిగేటప్పుడు మోటారే బ్రేకుగా పనిచేసి కొంత కరెంటును తిరిగి బ్యాటరీలో పోస్తుంది. బ్రేకు లైనర్లు కాలిన వాసన లేకుండా కొండ దిగడం నాకైతే ఎన్నిసార్లు ఎక్కినా సంతోషమే.

కార్ల ఫ్యాక్టరీ మాత్రం రాలేదు. సరిహద్దు దేశాల పెట్టుబడులకు ముందస్తు అనుమతి కావాలని 2020 ఏప్రిల్‌లో కేంద్రం నిబంధన పెట్టింది. మేఘాతో కలిసి వంద కోట్ల డాలర్ల ప్రతిపాదన 2023లో ఆమోదం పొందలేదు. 2025లో హైదరాబాద్ దగ్గర ఫ్యాక్టరీ అని మళ్లీ వార్తలొచ్చాయి, కంపెనీ ఖండించింది. అందుకే ఇక్కడి ధరల్లో దిగుమతి సుంకం భారం ఉంటుంది, మోడళ్లు కూడా నాలుగే: 2022 అట్టో 3, 2024 మార్చి సీల్, 2024 అక్టోబరు ఇమ్యాక్స్ 7, 2025 ఫిబ్రవరి సీలయన్ 7. మీరు చూసిన ఇమ్యాక్స్ 7 కొత్త బండేమీ కాదు. 2021లో మన దగ్గరికి ట్యాక్సీలకని వచ్చిన ఇ6కే (2010 నాటి ఇ6 కాదు, అదే పేరుతో వచ్చిన కొత్త బండి) మెరుగుదిద్దిన రూపం, దాని మూలం చైనాలోని సోంగ్ మ్యాక్స్. నాలుగింటిలోనూ బ్లేడ్ బ్యాటరీయే.

కాబట్టి నాన్నగారి విషయానికి. తగలబడే భయం ఒక్కటే అడ్డమైతే, మన ఎండలకు ఈ రసాయనం కంటే నిశ్చింతైనది ఈ ధరలో తక్కువ. ఇద్దరు ముగ్గురే తిరిగేట్టయితే అట్టో 3 తీసుకోండి, 60.48 కిలోవాట్ అవర్లదే. చిన్న 49.92 ప్యాక్ ఊళ్లో తిరగడానికి చాలు కానీ ఏడాదికి నాలుగుసార్లు సొంతూరు వెళ్లేవాళ్లకు ఇబ్బంది. మనవలు, మనవరాళ్లతో ప్రయాణాలుంటే ఇమ్యాక్స్ 7. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజీ మధ్యలో చదునుగా ఉంటుంది, ఎంత ఛార్జి మిగిలిందో బండికి సరిగ్గా అందదు, అందుకని వారానికోసారైనా నూరు శాతం ఛార్జ్ చేయమని నాన్నగారికి చెప్పండి. బండి అడుగు రాయికి తగిలితే చిన్న దెబ్బే అనుకోకుండా ఎత్తించి చూపించాలి. ఇలా సెల్‌లన్నీ ఒకే ముద్దగా అతికించిన ప్యాకులో ఒక మూల పాడైతే ఆ మూల మాత్రమే మార్చడం కుదరదు.

బాబాయిగారి "అడిగే దిక్కు" అనే మాటను నేను బ్యాటరీ వైపు కంటే విడిభాగాల వైపు తీసుకుంటాను. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఉంది. దిగుమతి బండికి బంపరో, ముందు అద్దమో, హెడ్‌ల్యాంపో పోతే ఎన్ని రోజులు ఆగాలన్నదే మీ అసలు ప్రశ్న. డబ్బు కట్టే ముందు ఆ మూడింటి ధర, వచ్చే గడువు షోరూమువాళ్ల చేత కాగితం మీద రాయించుకోండి. మీ ఊరికి దగ్గర సర్వీసు సెంటరుకు ఒకసారి స్వయంగా వెళ్లి, అక్కడ ప్రమాదంలో దెబ్బతిని నిలబడి ఉన్న బండ్లు ఎన్నాళ్ల నుంచి ఉన్నాయో మెకానిక్‌ను అడగండి.